అంచు మీద ఎనిమిది అడుగులు

నా పేరు విజయరాణి. మా బళ్లో 'ణ' కోసం నాలుక మడిచే ఓపిక ఎవరికీ లేదు కాబట్టి హాజరు పిలిచినప్పుడల్లా 'విజయ రాని' అనే పిలిచేవారు. రోజూ వచ్చే పిల్లను పట్టుకొని రాని అంటారేమిటని నేను రోజూ కొట్లాడేదాన్ని. ఇప్పుడు నలభై దాటాను. విజయం సంగతేమో గానీ మోకాళ్ల నొప్పులు మాత్రం హాజరు పిలవకముందే వచ్చి కూర్చుంటున్నాయి.

ఇది తొంభై ఏడు ఎండాకాలం సంగతి. సిద్దిపేటలో ఇంటింటా మామిడికాయలు గడ్డిలో మగ్గుతుంటే, మా ఇంట్లో మేము మగ్గం దగ్గర మగ్గుతున్నాం. మా బాపు రాజమల్లయ్య నేత. ఓట్లప్పుడు నిలబడే నేత కాదు, గుంటలో కాళ్లు పెట్టి కూర్చునే నేత. ఆయన నేసేది గొల్లభామ చీర. నెత్తిన చల్లకుండ, చేతిలో ముంత, అంచు పొడుగునా బారులు తీరిన జానెడైనా లేని ఆడమనుషులు. అందరిదీ ఒకే ముక్కు, ఒకే కొప్పు. ఒక్క పోగు తేడా వస్తే బాపుకు ఆ పూట అన్నం దిగేది కాదు.

ఏప్రిల్ ఆఖరున మా భూపతి మామ మరమగ్గాల భివండి నుంచి దిగాడు. మా అవ్వకు, అంటే అమ్మకు, తమ్ముడు. నారాయణరావుపేటలో పెండ్లికని వచ్చి, పెండ్లి అయిపోయినా మా అరుగు దిగలేదు.

"బావా, గుంటల కాళ్లు వెట్టుకొని ఎన్నేండ్లు కూసుంటవు? ఆడ మిషిని తనంత తనే నేస్తది. నిలవడి సూసుడే."

"మిషిని నేస్తె మరి నేనేం జెయ్యాలె?" అన్నాడు బాపు.

"దారం తెగితె ముడెయ్యాలె."

బాపు చేతిలోని పోగు ముడి బిగించాడు. తరువాత "సరే" అన్నాడు. గొల్లభామలను కొనేవాళ్లు లేక రెండేండ్లు అయింది, అనక ఏం చేస్తాడు. జూన్ రెండో తారీఖు పొద్దున భివండి బండి. మగ్గం విప్పాలి, గుంట పూడ్చాలి, ఆ జాగ కిరాయికియ్యాలి. అవ్వ అటక మీది నుంచి రేకు పెట్టె దించి దుమ్ము తుడిచింది. తుడిచిందే తుడుస్తూ ఉండింది.

నా కడుపులో ఒకటే మాట. బాపు పోవద్దు. ఆ మాట అవ్వ అనలేదు. నేను అనబోతే ముందు ఏడుపు వచ్చి మాట తడిసి ముద్దయిపోయేది.

అప్పుడే హరికిషన్ సార్ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. హైదరాబాదులో కంప్యూటర్ చదివి, మెదక్ రోడ్డులో మందుల దుకాణం పైన ఒక గది కిరాయికి తీసుకొని మూడు కంప్యూటర్లు పెట్టాడు. ఎండాకాలం సెలవుల్లో పిల్లలకు క్లాసు. ఆయన కష్టమల్లా దుమ్ముతో.

"రాజమల్లన్నా, మూడు ముసుగులు గావాలె. దుమ్ము సొర్రకుండ మంచి గట్టి బట్ట."

"కంప్యూటరంటె పెండ్లిపిల్లనా సారు, ముసుగెయ్యనీకె?" అన్నాడు బాపు.

మూడు ముసుగులకు మారుగా నాకు ఒక సీటు. అలా నేను కంప్యూటర్ చదువుకు ఎక్కాను. బాపు అమ్ముడుపోని చీరల గట్టిబట్ట కోసి, అంచు కనపడేలా కుట్టించి ఇచ్చాడు.

ఆ గది గుడి కంటే మడి. చెప్పులు బయట విప్పాలి, కాళ్లు తుడుచుకోవాలి, తుమ్ము వస్తే మెట్ల మీదికి పోయి తుమ్మి రావాలి. గదికి ఒక్క కిటికీ లేదు. కిటికీలన్నీ కంప్యూటర్ లోపలే ఉన్నాయని సార్ మొదటి రోజే చెప్పాడు. లోపల ఏసీ. మేలో సిద్దిపేటలో దవాఖానకు, సినిమాహాలుకు లేని చలి మాకు దొరికింది. పిల్లలమంతా ముందు చదువు కోసం కాదు, చలి కోసం పోయాం.

నాలుగో రోజు సార్ ఒక సీడీ పెట్టాడు. నేను అప్పటిదాకా చూసిన బొమ్మలన్నీ కదలని బొమ్మలు. టీవీలో కదిలేవి ఉన్నాయి గానీ అవి మనం చెప్పినట్టు వినేవి కావు. ఇవి వింటాయి. తెర మీద ఒక నాటకం అరుగు ఉంటుంది. వెనుక అడవి కావాలంటే అడవి, ఊరు కావాలంటే ఊరు. టోపీ పెట్టిన ఎలుగుబంటి, కళ్లద్దాల కప్ప, గుర్రం మీద తుపాకీవాడు, ఎవర్ని కావాలంటే వాళ్లను తెచ్చి నిలబెట్టొచ్చు. వాళ్లకు ఏ మాట రాసిస్తే ఆ మాట ముక్కుతో పలుకుతారు. ఎలుగుబంటితో "నమస్తే" అనిపించిన రోజు నేను ఇంటి దాకా ఉరికే వచ్చాను. అవ్వతో చెప్తే, "ఎలుగ్గొడ్డు నమస్తె వెట్టిందా? మీ మామ ఇంతవరకు వెట్టలే" అంది.

కంప్యూటర్‌కు ఇద్దరు. నాతో కిరాణం వాళ్ల స్వరాజ్యలక్ష్మి. పేరులో స్వరాజ్యం ఉన్నా ఎలుక మాత్రం నాకు ఒక్కరోజూ ఇచ్చేది కాదు. ఎలుక అంటే ఆ మౌసు. మా ఇంట్లో పడుగు కొరికే ఎలుకలంటే బద్ధవైరం, ఇక్కడ ఎలుక కోసం ఇద్దరం గిల్లుకుంటున్నాం.

జూన్ ఒకటిన ఆఖరి రోజు. ప్రతి జోడీ ఒక కథ రాసి, తల్లిదండ్రుల ముందు ఆడించాలి. సార్ ఆ మాట అనగానే నా బుర్రలో దీపం వెలిగింది. జూన్ ఒకటి. బాపు పోయేది రెండున. నేను అనలేని మాటను కంప్యూటర్‌తో అనిపిస్తాను.

కథ ఒక్క పూటలో అల్లేశాను. ఒక గొల్లభామ చీర అంచులోంచి దిగి చల్ల అమ్మడానికి పోతుంది. తిరిగి వచ్చేసరికి మగ్గం లేదు, నేతగాడు లేడు, గుంట పూడ్చి ఉంది. ఎక్కడ నిలబడాలో తెలియక కుండ దించుకొని, "బాపూ పోవద్దు" అంటుంది.

"గొల్లభామ ఏడుంది?" అంది స్వరాజ్యలక్ష్మి. "కప్పతోటి అమ్మిపిద్దామా చల్ల?"

సీడీ అంతా గాలించాం. తుపాకీవాళ్లు తొమ్మిదిమంది దొరికారు, చల్ల అమ్మే మనిషి ఒక్కతి దొరకలేదు. తల పట్టుకొని పక్కకు చూస్తే, కంప్యూటర్ ముసుగు మడతపెట్టి కుర్చీ మీద ఉంది. దాని అంచున వరుసగా నిలబడి నన్నే చూస్తున్నారు.

"సార్, మన బొమ్మ మనమే గీసుకోవచ్చా?"

"గీసుకోవచ్చు. గళ్లు గళ్లుగ ఉంటది. ఒక్కొక్క గడి నింపాలె. శాన ఓపిక గావాలె," అన్నాడు సార్.

గళ్లు. ఒక్కొక్కటి. ఓపిక. అలాంటి మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు.

బాపు మరునాడు మధ్యాహ్నం వచ్చాడు. చెప్పులు విప్పి, కాళ్లు రెండుసార్లు తుడిచి, గడప మొక్కి లోపలికి అడుగుపెట్టాడు. గళ్లు చూడగానే ఆయన ముఖం మారింది. పరాయి ఊళ్లో మేనమామ కనపడ్డట్టు.

"ఇటు ఎన్ని సారు?"

"అరవై నాలుగు. అటు గూడ అంతే."

"పోగులే గదా," అన్నాడు బాపు. ఎలుకను మొదట చేత్తో కాదు, రెండు వేళ్లతో, కొరుకుతుందేమో అన్నట్టు పట్టుకున్నాడు. పది నిమిషాల్లో అది మగ్గం మీద అటూ ఇటూ ఉరికే ఆయన నాడె అయిపోయింది. బొమ్మ చూడలేదు, ముసుగు చూడలేదు. పెదాలు మాత్రం కదులుతున్నాయి. "మూడు లేపు, రెండు ఇడువు, ఒకటి లేపు." ఒక వరుస తరువాత ఒక వరుస, కింది నుంచి పైకి, నేసినట్టే నింపాడు. మిగతా పిల్లలు తమ ఎలుగుబంట్లను వదిలి వచ్చి వెనుక నిలబడ్డారు. గంటంపావు అయ్యాక చెయ్యి తీశాడు.

"ఆడిపియ్యున్రి."

సార్ మీట నొక్కాడు. గొల్లభామ బయలుదేరింది. పండుకొని బయలుదేరింది. తల ముందు, కాళ్లు వెనుక, కోమటిచెరువులో ఈత కొడుతున్నట్టు తెర ఈ కొస నుంచి ఆ కొసకు నిటారుగా, కాదు, అడ్డంగా జారిపోయింది.

"మీ గొల్లభామకు జెరమొచ్చిందా ఏందే?" అంది స్వరాజ్యలక్ష్మి. "సల్ల మొత్తం కారిపోయింది."

గది గొల్లుమంది. నేను బాపు ముఖం చూడలేక ముసుగులో ముఖం పెట్టుకుందామనుకున్నాను. బాపు మాత్రం నవ్వలేదు, చిన్నబోలేదు. తల పక్కకు వంచి తెర చూశాడు, మళ్లీ సరిచేసుకొని చూశాడు.

"తప్పేం గాదు," అన్నాడు నిదానంగా. "మగ్గం మీద ఆమె గట్లనే ఉంటది. అంచు నాకు పక్కకుంటది గదా. కట్టుకున్నోళ్లకు నిలవడ్డట్టు గనవడుతది, నేసెటోనికి పండుకున్నట్టే. ఇరవై ఏండ్ల సంది నా చెయ్యికి ఆమె గట్లనే ఎరుక."

సార్ నవ్వు ఆపేసి ఒక మీట నొక్కాడు. గొల్లభామ గిర్రున తిరిగి లేచి నిలబడింది. మళ్లీ ఆడించాడు. కుండ నెత్తిన, ముంత చేతిలో, నిటారుగా తెర దాటింది.

బాపు కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు. ఎవరో పెద్దమనిషి లేచి ఎదురొస్తే మనం సర్దుకుంటామే, అలా.

"నడుస్తలేదు సారు," అన్నాడు కొంచెం ఆగి. "జారుతుంది. మంచు మీద వెట్టినట్టు."

"నడవాలంటె ఒక్క బొమ్మ చాలదు మల్లన్నా. అడుగుకొక బొమ్మ. ఎనిమిది అయితె ఒక నడక."

"ఎనిమిది," అన్నాడు బాపు. ఆ రోజు నుంచి ఆయన క్లాసుకు నాకంటే ముందు పోయేవాడు.

కష్టం అక్కడే మొదలైంది. ఆడమనిషి ఎలా నడుస్తుందో బాపుకు తెలియదు. ఇరవై ఏండ్లుగా పండుకున్న వాళ్లను నేసిన మనిషి. కాబట్టి అరుగు మీద కూర్చొని, నల్లా దగ్గర నీళ్లు పట్టుకొని పోయే ఆడవాళ్ల కాళ్లు చూడటం మొదలుపెట్టాడు. ఒక రోజు చూశాడు. రెండో రోజు పోశయ్య పెద్దనాయిన వచ్చి, "ఏందిరా రాజమల్లూ, మంచిగనే ఉన్నవా?" అని అడిగాడు. మూడో రోజు అవ్వ ఖాళీ బిందె ఠంగుమని వాకిట్లో పెట్టింది.

"వాడకట్టు మొత్తం నవ్వుతుంది. సూస్తె నన్ను సూడు."

అని బిందె నెత్తికెత్తుకొని వాకిట్లో ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచింది. బాపు వంగి, దాదాపు నేల మీద గడ్డం పెట్టి చూశాడు. సుద్దముక్కతో అడుగుల చుట్టూ గీతలు గీశాడు.

"ఆగు. గాడనే ఆగు. ఎడమకాలు లేపి ఆగు."

"కొంగనా నేను?" అంది అవ్వ. కానీ ఆగింది.

భూపతి మామ ఇది చూసి నా దగ్గరికి వచ్చాడు. "కోడలా, మీ బాపుకు ఎండదెబ్బ తాకిందా? రెండో తారీఖు బండెక్కాలె. మగ్గం ఇంక ఇప్పలే."

"కంప్యూటర్ క్లాసు ఉంది మామా," అన్నాను. నాకు లోలోపల ఎక్కడో చక్కిలిగిలి పెట్టినట్టుంది.

ఇంత జరిగితే కరెంటు ఊరుకుంటుందా. ఐదో బొమ్మ చివరి వరుసలో ఉండగా పోయింది. సార్ అప్పటికే వందసార్లు చెప్పాడు, సేవ్ చేయండి, సేవ్ చేయండి అని. చేయకపోతే చేసిన సేవంతా గంగపాలు. నేను చేయలేదు. కరెంటు వచ్చాక చూస్తే ఐదో గొల్లభామ లేదు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. స్వరాజ్యలక్ష్మి కూడా ఆ రోజు వెక్కిరించలేదు, నా వీపు మీద చెయ్యి వేసింది.

"ఎందుకేడుస్తవు బిడ్డా," అన్నాడు బాపు, ఎలుక అందుకుంటూ. "పోగు తెగితె ముడేస్తం. బట్ట తెగితె మళ్ల నేస్తం." రెండోసారి నింపిన ఐదో బొమ్మ మొదటిదానికంటే బాగా వచ్చింది. మడమ కాస్త లేచింది.

జూన్ ఒకటో తారీఖు సాయంత్రం నాలుగింటికి ఆ చిన్న గదిలో సిద్దిపేట సగం దూరింది. మెట్ల నిండా చెప్పులు. ఏసీ చేతులెత్తేసింది. టోపీ ఎలుగుబంట్లు వచ్చాయి, కప్పలు ఇంగ్లీషు మాట్లాడాయి, తుపాకీవాళ్లు ఒకరినొకరు కాల్చుకున్నారు. తల్లిదండ్రులు ప్రతిదానికీ చప్పట్లు కొట్టారు. ఆఖరున మా వంతు.

చీకటి తెర. వెనుక స్వరాజ్యలక్ష్మి గీసిన మా వాడకట్టు. ఎడమ కొస నుంచి గొల్లభామ వచ్చింది. నడిచి వచ్చింది. ఒక అడుగు, ఇంకో అడుగు, మడమ లేచి, కుచ్చిళ్లు అటు ఊగి, ఇటు ఊగి. నా పక్కన అవ్వ నా భుజం పట్టుకుంది. ఎడమ పాదం కొంచెం బయటికి వేసే నడక మా వాడకట్టులో ఒక్కరికే ఉంది.

"గా నడక నాదే," అంది అవ్వ, ఎవరితోనో కాదు, తనతోనే.

గొల్లభామ మగ్గం ఉండాల్సిన చోట ఆగింది. కుండ దించింది. ఇదీ నేను నెల రోజులుగా ఎదురుచూసిన క్షణం. నోరు తెరిచింది. నేను ఇంగ్లీషు అక్షరాల్లో రాసిచ్చిన మాటను ఆ మిషిని దొర గొంతుతో, ముక్కుతో, "బేపూ పోవాడూ" అంది.

గది పగిలేలా నవ్వారు. భూపతి మామ అందరికంటే గట్టిగా నవ్వాడు. నేను బాపు కేసి చూశాను. ఆయనకు ఆ మాట అర్థమైందా అని కాదు, అసలు వినపడిందా అని. వినపడలేదు. నవ్వు కూడా వినపడలేదు. ఆయన ముందుకు వంగి గొల్లభామ కాళ్లు చూస్తున్నాడు.

ఇంటిదారి పట్టాం. నా కథ నవ్వులపాలైంది, రేపు బాపు బండిపాలవుతాడు. పాత బస్టాండు దాటాక బాపు హఠాత్తుగా ఆగాడు.

"ఎనిమిది అడుగులు," అన్నాడు. "అంచుల వడ్తయా అని సూస్తున్న."

పెండ్లినాడు ఏడే వేశాడు మరి. ఎనిమిదోది ఇక్కడ మొదలైందని నాకు అప్పుడు తెలియదు.

మరునాడు తెల్లవారి భూపతి మామ తలకు నూనె రాసుకొని, సంచి భుజాన వేసుకొని తయారయ్యాడు. రేకు పెట్టె గడప దగ్గర ఉంది. బాపు గుంటలో ఉన్నాడు. మగ్గం విప్పుతున్నాడనే అందరం అనుకున్నాం. దగ్గరికి పోయి చూస్తే విప్పుతున్నవి మగ్గం ముడులు కావు. బొమ్మకు ఏ పోగు ఎప్పుడు లేవాలో చెప్పే కట్టుదారాల ముడులు. పాత బొమ్మవి విప్పి, కొత్తవి కడుతున్నాడు.

"బావా, బస్సు."

"ఇది ఒక బొమ్మ కట్టు గాదు భూపతీ, ఎనిమిది. దేనికదే కట్టాలె," అన్నాడు బాపు తల ఎత్తకుండా. కాసేపాగి చేయి ఆపాడు. "గని ఒకటి అడుగుత. అంచుల ఒక బొమ్మకు ఇంకో బొమ్మ కలువకుంటె తప్పు నేత అంటరు. నా చెయ్యికి తప్పు ఎన్నడు రాలే."

ఆ ప్రశ్న మామను కాదు. గడప దగ్గర రేకు పెట్టె పట్టుకొని నిలబడ్డ అవ్వను.

"నడిచేటిదాని కాళ్లు రెండుపార్లు ఒక్క తాన్నే ఉంటయా?" అంది అవ్వ. పెట్టె తెరిచి, బాపు అంగీలు తీసి దండెం మీద వేసింది. ఖాళీ పెట్టె గుంట పక్కకు జరిపింది. "దారం కండెలు ఇండ్ల వెట్టుకో. ఎలుకలు గొట్టకుంట ఉంటయి."

భూపతి మామ నన్ను చూశాడు, సంచి చూశాడు, ఒక్కడే బస్టాండుకు పోయాడు. మంచివాడు, మెట్టు దిగుతూ, "కోడలా, ఆ ఎలుగ్గొడ్డు ముచ్చట భివండిల చెప్త," అన్నాడు.

మిరుగు కార్తె వచ్చింది, వానలు వచ్చాయి, బడి తెరిచారు. హాజరులో నేను మళ్లీ రానిదాన్నే. ఆ ఒక్క చీరతో మా ఇల్లు గట్టెక్కిందని చెబితే అబద్ధం. ఆ చీర నేయడానికే రెండు నెలలు పట్టింది. చేనేత సంఘంలో చూపిస్తే, "బొమ్మలు ఒక్క తీరుగ లేవు" అని వెనక్కి ఇచ్చారు. బాపు దాన్ని మడత పెట్టి ఇంటికి తెచ్చి అవ్వ చేతుల్లో పెట్టాడు.

ఆ ఆదివారం అవ్వ కట్టుకొని వాకిట్లోకి వచ్చింది. ముదురు నీలం చీర, తెల్లటి అంచు, అంచున ఎర్రటి గొల్లభామలు. నిలబడితే ఏమీ లేదు. అడుగు వేసింది. కుచ్చిళ్లు విచ్చుకొని మూసుకునే ఆ రెప్పపాటులో ఒకదాని తరువాత ఒకటి కాలు కదిపి, మడమ లేపి, చల్లకుండలతో బయలుదేరాయి. స్వరాజ్యలక్ష్మి కేక వేసుకుంటూ ఉరికి వచ్చింది. క్లాసు పిల్లలంతా వచ్చారు, హరికిషన్ సార్ వచ్చి ఏ గుడిలోనూ వంగనంత వంగాడు. అవ్వ వీధిలో నడుస్తుంటే వెనుక పదిమంది నడుములు వంచి నేల చూసుకుంటూ నడుస్తున్నారు. ఎదురొచ్చిన పోశయ్య పెద్దనాయిన, "ఏం వారేసుకున్నర్రా?" అని తనూ వెతకడం మొదలుపెట్టాడు.

బాపు అరుగు మీద కూర్చొని, "ఇంకోపారి" అన్నాడు. అవ్వ నల్లా దాకా పోయి వచ్చింది. "ఇంకోపారి." మళ్లీ పోయి వచ్చింది. నాలుగోసారి ఆయన నోరు తెరవగానే చెంగు నడుముకు దోపుకొని నిలబడింది.

"పెండ్లిసూపులల్ల గూడ ఒక్కపారే నడిపిచ్చిన్రు నన్ను. గిదేంది?"

"ఆనాడు సిగ్గుకు తలకాయ లేపలే," అన్నాడు బాపు. "నీ కాళ్లే సూసిన."

అవ్వ దోపుకున్న చెంగు వదిలింది. బాపు ఇంకోపారి అనలేదు. అయినా అవ్వ వెనక్కి తిరిగి నల్లా దాకా నడిచింది.